నొప్పి బిళ్ళ మందు కాదా?

క్రిందటి సంక్రాంతి సంబరాల్లో ఒక దృశ్యం చూశాను. మన సంఘం అద్దెకు తీసుకున్న హైస్కూలు ఆడిటోరియం మెట్లమీద ఒక పెద్దావిడ మోకాలు పట్టుకుని "అమ్మో" అంటూ కూర్చుండిపోయారు. వెంటనే మూడు హ్యాండ్‌బ్యాగులు తెరుచుకున్నాయి. ఒకరు అడ్విల్ తీశారు. ఒకరు అలీవ్ తీశారు. మూడో ఆవిడ, "అవేం పనిచేస్తాయండీ! మా అన్నయ్య బెజవాడనుంచి పంపించాడు, ఇది వేసుకోండి, గంటలో లేచి కోలాటం వేస్తారు" అని ఒక బిళ్ళల అట్ట తీశారు. పెద్దావిడ ఆ మూడోది వేసుకున్నారు. అందరం సంతోషించాం. "మీరు బి.పి.కి ఏం వాడుతున్నారండీ?" అని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. ఆ మెట్లమీద కనీసం ఇద్దరు డాక్టర్లు వున్నారు. నేనూ వున్నాను. నేనూ అడగలేదు.

అందరికన్నా ముందు అడగవలసినవాణ్ణి నేను. అప్పటికి నాలుగు నెలల క్రితమే ఆ ప్రశ్న విలువ ఏమిటో ఆసుపత్రిలో నేర్చుకున్నాను. అయినా పదిమందిలో పెద్దావిడని మందుల సంగతి అడగడం ఏం బాగుంటుందని మొహమాటపడ్డాను. ఆ మొహమాటానికి ప్రాయశ్చిత్తంగా ఇది రాస్తున్నాను. ఘాటుగా వుంటే మన్నించనక్కరలేదు, జవాబు రాయండి. వేస్తామని సంపాదకులు మాటిచ్చారు.

నా ఆరోపణ ఒక్క ముక్కలో చెబుతాను. మన ఇళ్ళల్లో నొప్పి బిళ్ళని మందుగా లెక్కపెట్టం. బి.పి. బిళ్ళ మందు, షుగరు బిళ్ళ మందు, థైరాయిడ్ బిళ్ళ మందు. నొప్పి బిళ్ళ మాత్రం వక్కపొడిలాంటిది: అడిగినవాళ్ళకి ఇవ్వడం మర్యాద, పుచ్చుకోవడం మర్యాద. ఈ మర్యాద మన పెద్దవాళ్ళ రక్తపోటుని పెంచుతోంది. పెరిగిన పోటుని చూసి మనం బి.పి. మందు పెంచుతున్నాం. మూలం మాత్రం వంటింటి గట్టుమీద డబ్బాలో క్షేమంగా వుంటోంది.

మా ఇంటి కథే చెబుతాను. మా అమ్మకి డెబ్భై రెండేళ్ళు. పదేళ్ళుగా రోజుకొక లోసార్టాన్ బిళ్ళ వేసుకుంటోంది. పోటు 130 ప్రాంతంలో బుద్ధిగా వుండేది. మే నెలలో ఇక్కడికి వచ్చింది. మన ఇళ్ళ సంగతి తెలిసిందే: వంటిల్లు కింద, పడకగదులు పైన, బట్టలుతికే మిషను బేస్‌మెంటులో. కాకినాడలో మెట్టెక్కే అవసరం లేని మనిషి ఇక్కడ రోజుకి పదిహేనుసార్లు ఎక్కి దిగింది. మోకాళ్ళు వాచాయి. అప్పుడు నేనేం చేశాను? మెట్లు తగ్గించలేదు. డాక్టరుకి చూపించలేదు. ఆవిడకి కొన్నది ప్రయాణీకుల ఇన్సూరెన్సు, పాత జబ్బులకి పైసా ఇవ్వదు. అయిదువందల ఐబుప్రొఫెన్ బిళ్ళల డబ్బా చవగ్గా వస్తోందని కొనుక్కొచ్చి, "రోజుకి మూడుసార్లు, రెండేసి" అని చెప్పాను. చదువుకున్న కొడుకు చెప్పాడు కదా అని ఆవిడ ఒక్క పూట కూడా మానలేదు.

ఆగస్టుకి పోటు 168. హైదరాబాదులో ఆవిడని చూసే డాక్టరుగారికి ఫోన్ చేశాం. ఆమ్లోడిపిన్ కలపమన్నారు. రెండు వారాలకి పాదాలు వాచాయి. ఒక పుట్టినరోజు విందులో, బిర్యానీ పళ్ళెం చేతిలో వుండగానే, ఒక డాక్టరు మిత్రుడు "నీరు చేరింది, నీటి బిళ్ళ వేద్దాం" అని మర్నాడు మందులషాపుకి చీటీ పంపించారు. సెప్టెంబరులో అమ్మ అన్నం మానేసింది. వాంతులు, నీరసం, మూత్రం తగ్గిపోయింది. ఎమర్జెన్సీకి తీసుకువెళ్ళాం. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.6 అన్నారు. బయల్దేరే ముందు ఊళ్ళో చేయించిన పరీక్షలో అది 1.0.

"ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగారు. మూడు పేర్లు చెప్పాను. "ఇంకేమైనా?" అన్నారు. లేవన్నాను. అమ్మనీ అడిగారు, నేనే తెలుగులో చెప్పాను. "ఇంకేం లేవు నాయనా" అంది. ఆ తరవాత మందుల లెక్క రాసుకోవడానికి ఒక ఫార్మసీ అమ్మాయి వచ్చింది, పాతికేళ్ళుంటాయేమో. చీటీ అంతా రాసుకుని, లేవబోతూ, "మరి నొప్పికి?" అంది.

"ఓ, అదా..." అన్నాను.

ఆ "ఓ, అదా" మీదే ఈ వ్యాసమంతా.

ఐబుప్రొఫెన్ ఆపేశారు. నీటి బిళ్ళ ఆపేశారు. లోసార్టాన్ కూడా కొన్నాళ్ళు ఆపారు. సెలైన్ ఎక్కించారు. అయిదు వారాలకి క్రియాటినిన్ 1.2కి దిగింది. లోసార్టాన్ మళ్ళీ మొదలుపెట్టాక పోటు 134. ఆమ్లోడిపిన్ అవసరమే లేకపోయింది. అంటే ఆగస్టులో మేం వైద్యం చేయించింది బి.పి.కి కాదు, నేను కొన్న డబ్బాకి. మా అదృష్టం బాగుండి మూత్రపిండాలు తేరుకున్నాయి. అందరివీ తేరుకోవు.

ఇక్కడ సిగ్గుపడవలసిన సంగతి ఇంకొకటి వుంది. ఇంటికొచ్చి ఆ డబ్బా తిప్పి చదివాను. రక్తపోటు వున్నా, గుండెజబ్బు వున్నా, మూత్రపిండాల జబ్బు వున్నా, నీటి బిళ్ళలు వాడుతున్నా వేసుకునే ముందు డాక్టరుని అడగమని అచ్చువేసి వుంది. డాక్టరు చెప్పనిదే నొప్పికి పది రోజులకి మించి వాడవద్దనీ వుంది. ఇంగ్లీషు రాని అమ్మ అది చదవలేదు. ఇంగ్లీషులో ఉద్యోగం చేసుకుని బతికే నేనూ చదవలేదు.

ఈ బిళ్ళ పోటునెందుకు పెంచుతుందో తెలుసుకోవడానికి డాక్టరు చదువు అక్కరలేదు. మన శరీరం ప్రొస్టాగ్లాండిన్లనే పదార్థాలని తయారుచేసుకుంటుంది. దెబ్బ తగిలినచోట వాపుకీ నొప్పికీ అవి కారణం. ఆస్పిరిన్ వాటి తయారీని ఆపుతుందని 1971లో ఇంగ్లండులో జాన్ వేన్ కనుక్కున్నాడు. 1982లో నోబెల్ బహుమతిలో భాగం పొందాడు. ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ అన్నీ ఈ కుటుంబమే. అయితే ఆ పదార్థాలు మోకాలిలో చేసే పని ఒకటి, మూత్రపిండంలో చేసే పని ఇంకొకటి. అక్కడ అవి రక్తనాళాన్ని తెరిచివుంచి, ఉప్పుని బయటికి పంపడానికి సాయం చేస్తాయి. బిళ్ళకి మోకాలేదో మూత్రపిండమేదో తెలియదు. రెండుచోట్లా ఆపుతుంది. ఉప్పు, నీరు ఒంట్లో నిలుస్తాయి. పోటు పెరుగుతుంది. ఆ పైన మన ఆవకాయ, మాగాయ, అప్పడాలు వుండనే వున్నాయి.

అమ్మ మూత్రపిండాలకి ఏమయిందో చెప్పడానికి చెరువు ఉపమానం చాలు. నీరు వచ్చే తూముని తెరిచివుంచేవి ఈ ప్రొస్టాగ్లాండిన్లు. నొప్పి బిళ్ళ ఆ తూముని మూస్తుంది. నీరు పోయే తూముని లోసార్టాన్ వంటి మందు వదులు చేస్తుంది. నీటి బిళ్ళ పైనుంచి వచ్చే ప్రవాహాన్నే తగ్గిస్తుంది. విడివిడిగా ఒక్కొక్కటీ మంచి మందే కావచ్చు. మూడూ కలిస్తే చెరువులో మట్టం ఎట్లా నిలుస్తుంది? బ్రిటన్‌లో బి.పి. మందులు వాడుతున్న 4,87,000 పైచిలుకు మంది రికార్డులు చూసి 2013లో ప్రకటించిన పరిశోధనలో, ఈ మూడూ కలిసినవాళ్ళకి మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినడం 31 శాతం ఎక్కువని తేలింది. మొదటి నెల రోజుల్లో అయితే 82 శాతం ఎక్కువ. అమ్మకి నీటి బిళ్ళ మొదలుపెట్టి నెల తిరగలేదు.

"ఒక్కరికి అయిందని అందరికీ అవుతుందా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 1994లో న్యూజెర్సీ మెడికెయిడ్‌లో వున్న 65 ఏళ్ళు దాటినవాళ్ళ లెక్కలు ప్రకటించారు. నొప్పి మందులు వాడుతున్నవాళ్ళకి కొత్తగా బి.పి. మందు మొదలుపెట్టే అవకాశం, వాడనివాళ్ళకన్నా 1.66 రెట్లు. మోతాదు పెరిగినకొద్దీ అదీ పెరిగింది. ఒక మందు తెచ్చిన తిప్పలకి ఇంకో మందు, దాని తిప్పలకి మూడో మందు. మా ఇంట్లో జరిగింది సరిగ్గా ఇదే.

2017లో ఇంకా వివరంగా తెలిసింది. కీళ్ళనొప్పులతో పాటు గుండెజబ్బు వున్నవాళ్ళకి, లేక వచ్చే ప్రమాదం వున్నవాళ్ళకి, 444 మందికి, నాలుగు నెలలపాటు మందులిచ్చి రోజంతా పోటు కొలిచారు. డాక్టర్లు రాసే మోతాదులో ఐబుప్రొఫెన్ పై అంకెని సగటున 3.7 పెంచింది. నాప్రోక్సెన్ 1.6 పెంచింది. సెలికాక్సిబ్ దాదాపు కదిలించలేదు. మొదట్లో పోటు మామూలుగా వున్నవాళ్ళలో ఐబుప్రొఫెన్ వాడిన నూటికి 23 మంది బి.పి. రోగులయ్యారు. సెలికాక్సిబ్ వాడినవాళ్ళలో నూటికి పది మంది. "మూడో నాలుగో పాయింట్లేగా" అనకండి. సగటు అంటే కొందరికి సున్నా, కొందరికి పదిహేను. మీ అమ్మగారు ఏ జాబితాలో వున్నారో కొలవకుండా ఎట్లా తెలుస్తుంది?

"అయితే టైలెనాల్ వుందిగా, అది నిరపాయం" అనేది మన రెండో వేదవాక్కు. ఇండియాలో క్రోసిన్, డోలో అన్నా అదే పారసిటమాల్. ఎడింబరోలో 110 మంది బి.పి. రోగులకి రోజుకి 4 గ్రాముల చొప్పున రెండు వారాలిచ్చి చూసి, 2022లో ఫలితం ప్రకటించారు. పై అంకె సుమారు 5 పెరిగింది. ఒక రోజు తలనొప్పికి వేసుకున్న రెండు బిళ్ళల సంగతి కాదిది. నెలల తరబడి నిండు మోతాదు వాడేవాళ్ళ సంగతి. నీళ్ళలో బుసబుస పొంగే పారసిటమాల్ బిళ్ళల్లో పైగా సోడియం వుంటుంది. రోజుకి ఎనిమిది అట్లాంటివి తాగితే ఉప్పు మానేసి చప్పిడి తిన్నా లాభం లేదు. జలుబు మందుల్లో ముక్కు దిబ్బడకి కలిపే సూడోఎఫిడ్రిన్ కూడా పోటు పెంచేదే. బి.పి. వున్నవాళ్ళు దాన్నీ అడిగి మరీ తీసుకోవాలి.

ఇప్పుడు సూట్‌కేసుల సంగతి. ఇండియానుంచి వచ్చే ప్రతివాళ్ళ పెట్టెలోనూ ఆవకాయ జాడీ పక్కన ఒక మందుల సంచీ వుంటుంది. అందులో సగం జంట బిళ్ళలు: డైక్లోఫెనాక్ పారసిటమాల్, ఎసిక్లోఫెనాక్ పారసిటమాల్, ఐబుప్రొఫెన్ పారసిటమాల్. ఆ అట్టమీద పెద్ద అక్షరాల్లో కంపెనీ పెట్టిన పేరు, చీమతలకాయంత అక్షరాల్లో అసలు మందు పేరు. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్ వుందని తెలియక, దానిపైన అడ్విల్, ఆ పైన టైలెనాల్ వేసుకున్నవాళ్ళని నేనెరుగుదును. అమెరికాలో ఎన్నడూ అమ్మకానికి అనుమతి లేని నిమెసులైడ్ మన సంఘం పిక్నిక్కులో చేతులు మారడం కూడా చూశాను. డైక్లోఫెనాక్ అంటారా, మన దేశంలో రాబందుల్ని తుడిచిపెట్టింది అదే. పశువులకి ఆ మందు వేసేవారు. చచ్చిన పశువుని తిన్న రాబందుల మూత్రపిండాలు చెడి కుప్పకూలిపోయేవి. 2006లో పశువులకి ఆ మందు నిషేధించారు. మనిషి రాబందు కాదు, నిజమే, మనకి అంత సున్నితం లేదు. కానీ ఒక జాతినే ఊడ్చేసిన మందుని వక్కపొడిలా పంచుకోవచ్చునా?

ఆకుమందుల పక్షంవారు ఇది చదివి చిరునవ్వు నవ్వుతూ వుంటారు. వారికీ ఒక మాట. అతిమధురం గొంతుకి హాయే, కానీ రోజూ ఎక్కువగా వాడితే పోటు పెంచి, ఒంట్లో పొటాషియం తగ్గిస్తుంది. కీళ్ళనొప్పులకని పొట్లం కట్టి అమ్మే పొడుల్లో ఏముందో పొట్లం కట్టినవాడికే తెలియాలి. ఇది మన ఒక్కరి బాధే కాదు. "ఆర్ట్రి కింగ్" వంటి పేర్లతో మూలికలని చెప్పి అమ్మే కీళ్ళమందుల్లో డైక్లోఫెనాక్, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ చెప్పకుండా కలిపివున్నాయని అమెరికా ఎఫ్.డి.ఎ. 2022లో హెచ్చరించింది. రెండు రోజుల్లో నొప్పులన్నీ మాయమయ్యాయంటే దండం పెట్టేముందు అనుమానించండి. అట్లాంటివి చాలాకాలం వాడి ఒక్కసారి మానెయ్యడమూ ప్రమాదమే. డాక్టరుకి చెప్పి మానాలి.

ఇంతవరకు విని, "అయితే నొప్పిని ఓర్చుకోమంటావా?" అంటారు. ఈ ఓర్పు పక్షం మీద నాకు బిళ్ళల పక్షం మీదకన్నా ఎక్కువ కోపం. "పెద్దవయసులో నొప్పులు మామూలే, మా నాయనమ్మ ఏ మందూ లేకుండా వెళ్ళిపోయింది" అంటారు వీరు. వెళ్ళిపోయిన మాట నిజమే. ఆవిడ పోటు ఎవరు కొలిచారు?

నొప్పి కూడా పోటు పెంచుతుంది. వేలు తలుపులో పడితే గుండె వేగం పెరగడం, పోటు ఎక్కడం మనకందరికీ అనుభవమే. ఆరోగ్యంగా వున్న శరీరంలో ఇదొక సర్దుబాటు: పెరిగిన పోటు నొప్పిని కొంత మొద్దుబరుస్తుంది, తరవాత రెండూ దిగుతాయి. నొప్పి ఏళ్ళ తరబడి వుంటే ఈ సర్దుబాటు చెడిపోతుంది. నిద్ర వుండదు, నడక వుండదు, బరువు పెరుగుతుంది, మనసు కుంగుతుంది. ప్రతి ఒక్కటీ పోటుని పైకి తోసేదే. 2005లో ప్రకటించిన ఒక అమెరికన్ అధ్యయనంలో, దీర్ఘకాలపు నొప్పితో వైద్యానికి వచ్చినవాళ్ళలో 39 శాతానికి బి.పి. వుంది. నొప్పి లేని మామూలు రోగుల్లో 21 శాతానికే వుంది. కాబట్టి, "అమ్మా, బిళ్ళ మానెయ్, ఓర్చుకో" అనడం వైద్యం కాదు. నొప్పి వుంటే ఒక దారిన, బిళ్ళ వేస్తే ఇంకో దారిన పోటు పెరుగుతుంది. అందుకే ఈ రెంటినీ కలిపి చూసే మనిషి కావాలంటున్నాను. మన ఇళ్ళల్లో ఆ మనిషి లేడు. మోకాలు ఒకరు చూస్తారు, పోటు ఒకరు చూస్తారు, డబ్బా కొడుకు కొంటాడు.

మన సంఘంలో డాక్టర్లకి కొదవ లేదు. వారితో నాకు కొంచెం పేచీ వుంది. విందుల్లో మిమ్మల్ని పట్టుకుని వేధించేది మేమేనని ఒప్పుకుంటాను. కానీ మీరు "కుదరదు" అనడం నేర్చుకోలేదు. ఆసుపత్రిలో కొత్త రోగిని చూస్తే పది ప్రశ్నలడిగే మీరు, మా ఇంటి డ్రాయింగు రూములో ఒక్క ప్రశ్నా అడక్కుండా మందు పేరు చెప్పేస్తారు. అది స్నేహమనుకుంటారు, మేమూ స్నేహమే అనుకుంటాం. ఆ బిర్యానీ పళ్ళెం మిత్రుడు చెడ్డవాడు కాదు, మా కుటుంబానికి ఎంతో కావలసినవాడు. "నొప్పికి ఏమైనా వేస్తున్నారా?" అన్న ప్రశ్న ఆసుపత్రిలో అయితే ఆయన తప్పకుండా అడిగివుండేవాడు. మీ స్నేహంకన్నా మీ ప్రశ్నలు మాకెక్కువ అవసరం.

ప్రతి జనవరిలోనూ మనం యెల్లాప్రగడ సుబ్బారావుగారి జయంతి తలుచుకుంటాం. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టినవాడు, మన తెలుగువాడు అని గర్విస్తాం. ఆయన లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధనలోంచి వచ్చిన మెథోట్రెక్సేట్‌ని 1988లో అమెరికాలో రుమటాయిడ్ కీళ్ళవాతానికి అనుమతించారు. వారానికి ఒక్కసారి, డాక్టరు పర్యవేక్షణలో, చిన్న మోతాదులో ఇచ్చే మందు అది. నొప్పిని కప్పిపుచ్చడం కాదు, జబ్బునే అణుస్తుంది. అరుగుదల వల్ల వచ్చే మోకాలి నొప్పికి అది పనికిరాదు. అంటే నొప్పులన్నీ ఒకటి కావు, ఏ నొప్పో తేల్చుకోవాలి. పటానికి దండ వేసి, కింద కూర్చున్న పెద్దావిడకి ఏ కీళ్ళజబ్బో తెలుసుకోకుండా ఆరేళ్ళు బిళ్ళలు మింగించడం ఆయనకి గౌరవం కాదు.

"నేను ఇరవై ఏళ్ళుగా వేసుకుంటున్నాను, ఏం కాలేదు" అనే పెద్దమనిషి ఒకరు ప్రతి సభలోనూ వుంటారు. అయ్యా, సంతోషం. మీ పోటు, క్రియాటినిన్ చివరిసారి ఎప్పుడు చూపించుకున్నారు? పోటూ చెప్పి రాదు, మూత్రపిండమూ చాలాదూరం వెళ్ళేదాకా నోరు విప్పదు. "ఏం కాలేదు" అనడానికి మీ దగ్గరున్న సాక్ష్యం "నాకేం తెలియలేదు" అన్నది మాత్రమే.

సరే, తిట్టడం అయింది. ఏం చెయ్యాలో చెప్పకపోతే తిట్టినందుకు ఫలితం లేదు. అమ్మ తిరిగి వెళ్ళేలోగా మేం ఏం చేశామో చెబుతాను. పడక కిందకి మార్చాం, ముందే చెయ్యవలసిన పని. ఫిజియోథెరపీ ఆవిడ తొడ కండరాలు గట్టిపడే నాలుగు కసరత్తులు నేర్పింది. అమ్మ విష్ణు సహస్రనామం చదువుతూ అవి చేసేది. మోకాలికి పైన రాసుకునే డైక్లోఫెనాక్ జెల్ వాడమన్నారు. 2020నుంచి అది ఇక్కడ చీటీ లేకుండానే దొరుకుతోంది. మింగినదానితో పోలిస్తే రక్తంలోకి చేరేది సుమారు 6 శాతమే. అమ్మకి అప్పుడే మూత్రపిండాలు దెబ్బతిని వున్నాయి కనుక అది కూడా పరీక్షలు బాగుపడ్డాక, డాక్టరునడిగే మొదలుపెట్టాం. నొప్పి పోలేదు, తగ్గింది. గుడికి నడిచి వెళ్ళగలిగింది. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893లో అమృతాంజనం పెట్టి, తరవాత ఆ డబ్బుతో ఆంధ్రపత్రిక నడిపారు. పైన రాసుకునే మందు మనకి కొత్త కాదు. మింగడమే మనకి పాతికేళ్ళ కిందట అంటిన తొందర.

ఇక మీరు చెయ్యవలసినవి. బి.పి. వున్నవాళ్ళకి నొప్పి బిళ్ళ మొదలుపెట్టవలసివస్తే ముందు డాక్టరునడగండి. వేసిన వారం, రెండు వారాల్లో పోటు మళ్ళీ కొలవండి. కొలిచేముందు అయిదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టండి. మెట్లెక్కిన ఆయాసంలోనూ, నొప్పితో మూలుగుతున్నప్పుడూ కొలిచిన అంకె చూసి మందు మార్చకండి. పోటు పెరిగిందని ఎవరైనా కొత్త మందు రాయబోతే, "ఈ పెరుగుదల నొప్పి మందు వల్ల కావచ్చునా?" అని అడగండి. బి.పి. మందులన్నీ ఒకే విధంగా దెబ్బతినవు. లోసార్టాన్ జాతినీ నీటి బిళ్ళలనీ నొప్పి మందు ఎక్కువ నీరసపరుస్తుంది, ఆమ్లోడిపిన్ జాతిని తక్కువ. ఆ తేడా డాక్టరుకి తెలుసు, మీరు నొప్పి బిళ్ళ సంగతి చెబితే కదా ఉపయోగం! నరాల నొప్పికీ వెన్నునొప్పికీ ఇచ్చే డులాక్సిటిన్ వంటివి కూడా కొందరికి పోటు పెంచుతాయి, వాటినీ లెక్కలో చెప్పండి. ఒక జాగ్రత్త: ఈ వ్యాసం చదివి ఆవేశంలో ఏ మందూ ఆపకండి. గుండెకని రాసిన చిన్న ఆస్పిరిన్ ఈ పేచీలో లేదు, అది మానకండి. బి.పి. మందుల్లో కొన్ని హఠాత్తుగా ఆపితే పోటు ఎగిరిపడుతుంది.

కార్యవర్గానికి ఒక అభ్యర్థన. ఉగాది సభలో పాటల పోటీ, ముగ్గుల పోటీ, పచ్చడి వుంటాయి. ఆ పక్కనే ఒక బల్ల వెయ్యండి. మన ఫార్మసిస్టులు ఇద్దరు ముగ్గురు వున్నారు, వారిని కూర్చోబెట్టండి. ఎవరింటి మందుల సంచీ వారు తీసుకురావాలి: సీమ మందులు, దేశవాళీ మందులు, బెజవాడ అన్నయ్య పంపినవి, పొట్లాలు, అన్నీ. ఏ బిళ్ళలో ఏముందో తెలుగులో ఒక కాగితంమీద రాసి పెద్దవాళ్ళ చేతికివ్వాలి. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ కాగితం చూపిస్తే చాలు. ఖర్చు ఒక రీము కాగితం, నాలుగు పెన్నులు. ఆ బల్ల దగ్గర పొద్దున్నుంచీ కూర్చునే మొదటి స్వచ్ఛంద సేవకుడిగా నా పేరు రాసుకోండి. డబ్బా కొన్నవాణ్ణి, ఆ మాత్రం పని చెయ్యాలి.

సంక్రాంతినాటి పెద్దావిడ గురించి అడిగేవాళ్ళకి: మర్నాడు వాళ్ళ అబ్బాయికి ఫోన్ చేసి, ఆలస్యంగానైనా, అడగవలసింది అడిగాను. "బి.పి.కి రెండు బిళ్ళలు వేస్తుందండీ, ఈమధ్యే రెండోది కలిపారు" అన్నాడు. "నొప్పికి?" అన్నాను.

"ఓ, అదా..." అన్నాడు.